గోరు దిగని గుండు

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు మా ఉస్తాదు గోళ్ళు తీసుకున్నాడు. సమయం ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, చిత్తూరు బజారులోని మా తుపాకుల కొట్టులో గోడ గడియారానికి తాళం తిప్పే పని నాది. వారానికి ఒకసారి, శుక్రవారం. స్టూలు మీద నిలబడి తాళం తిప్పుతుంటే కింద ఉస్తాదు పాత ఉర్దూ పత్రిక పరచుకుని, చిన్న కత్తితో ఒక్కో వేలి గోరూ ఓపికగా తీస్తున్నాడు. మధ్యాహ్నం నమాజుకు పోయే ముందు ప్రతివారమూ చేసే పనే. దాన్ని ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. ఆ గోళ్ళు లేకపోవడం వల్ల సాయంత్రానికి ఒక మనిషి చెయ్యి పోయేంత పనైందంటే, మధ్యలో నేను చేసిన ఘనకార్యం కొంత ఉంది. తుపాకుల మరమ్మతు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదువుతారని దాన్ని రాసి పెడుతున్నాను.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. నాకు ఇరవై రెండేళ్ళు. స్కూలు ఫైనలు పాసై, గుమాస్తాగా పనికిరానని రెండు చోట్ల తేలిపోయి, ఆ కొట్టులో చేరి నాలుగేళ్ళయింది. లైసెన్సు ఉన్న కొట్టు. ఐరాల వైపు నుంచి రైతులు చెరుకు తోటల్లోకి వచ్చే అడవిపందుల కోసం పెట్టుకున్న నాటు తుపాకులు తెచ్చేవాళ్ళు. అడవి శాఖ ఉద్యోగులు, ఎస్టేటు మేనేజర్లు రివాల్వర్లు తెచ్చేవాళ్ళు. రివాల్వర్ తూటాలు సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, మద్రాసుకు, మద్రాసు నుంచి మాకు రావాలి. యుద్ధంతో అవి నిలిచిపోయాయి. అందుకని కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను పారేయకుండా తెచ్చి ఇస్తే, ఉస్తాదు వాటిలో మళ్ళీ మందు నింపి, కొత్త గుండు బిగించి ఇచ్చేవాడు.

మందు పని ఆయనది. దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. మందు కూడా దొరకడం కష్టమై, గుండును బయటికి నెట్టడానికి సరిపడేంత మాత్రమే వాడేవాడు. నా పని గుండ్లు పోయడం. సీసం కరిగించి, ఇనుప మూసలో పోసి, చల్లారాక తీసి పళ్ళెంలో పెట్టి తేవాలి. ఉస్తాదు ఒక్కో గుండునూ తీసుకుని కుడి చేతి బొటనవేలి గోటితో గీసేవాడు. గీత పడితే ఎడమవైపు, పడకపోతే కుడివైపు. మెత్తటి సీసం మీద గోరు దిగుతుంది, వేరే ఏదైనా కలిసిన సీసం మీద దిగదు. కొట్టులో తూనిక యంత్రాలు రెండు ఉన్నాయి, కొలత పనిముట్లు ఒక డ్రాయరు నిండా ఉన్నాయి. కానీ గుండు పాసైందా లేదా అన్నది ఆ గోరే చెప్పాలి.

గోడకు, గడియారం కింద, ఒక రివాల్వర్ గొట్టం మేకుకు వేలాడుతుండేది. అరటిపండు తొక్క ఒలిచినట్టు మూడు పాయలుగా చీలిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే ఉస్తాదు, "అది మా ఉస్తాదు" అని ఊరుకునేవాడు. అంతకన్నా ఎక్కువ అడిగే ధైర్యం నాకు లేదు.

మాకు మెత్తటి సీసం టీ పెట్టెల లోపల అంటించే రేకుల నుంచి వచ్చేది. టీ వ్యాపారుల దగ్గర ఆ రేకులు పోగుచేసి పెట్టుకునేవాళ్ళం. యుద్ధం మూడో ఏడో నాలుగో ఏడో వచ్చేసరికి టీ పెట్టెల్లో రేకుకు బదులు కాగితం వచ్చింది. ఉన్న సీసం తగ్గుతూ వచ్చింది. చంద్రగిరి రేంజరుకు పన్నెండు తూటాలు కావాలని కబురు వచ్చినప్పుడు ఉస్తాదు నన్ను అడిగాడు, సీసం సరిపోతుందా అని. సరిపోతుందన్నాను. చూసి చెప్పి ఉండవలసింది. గురువారం డబ్బా తీసి చూస్తే నాలుగు గుండ్లకు కూడా లేదు.

ఇక్కడ మా కంపోజిటర్ అన్న గురించి చెప్పాలి. మా కొట్టుకు మూడు గడపల అవతల ఒక అచ్చాఫీసు ఉండేది. పెండ్లి పత్రికలు, హరికథ నోటీసులు, మామిడి మండీ రసీదులు అచ్చువేసేవాళ్ళు. అందులో అక్షరాలు పేర్చే పని అన్నది. క్రైస్తవుల కుటుంబం, నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద, కొంచెం లావు. తెలుగును తలకిందులుగా, మనం మామూలుగా చదివేంత వేగంగా చదివేవాడు. తప్పులు పడిన ప్రూఫు కాగితాలు నాకు ఇచ్చేవాడు. నేను చదవడం మొదలుపెట్టింది వాటితోనే. సగం సగం పుస్తకాలు చాలా చదివాను. ముగింపులు ఆయన నోటితో చెప్పేవాడు, అవి నిజంగా పుస్తకంలో ఉన్నవేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

గురువారం పొద్దున ఆయన దగ్గరికి పోయాను.

"అన్నా, మీ ఆపీసులో సీసముండాదా?"

"ఉండేదంతా సీసమే గదరా. వట్టి సీసం కావల్నా, దాని మింద అచ్చరాలు గూడా కావల్నా?"

"వట్టిదే సాలు."

"అరిగిపోయిన అచ్చరాలు ఒగ సంచి ఉండాయి. మద్రాసు పౌండ్రీకి పంపల్లంటా మా ఓనరు ఆర్నెల్లుగా సెప్తా ఉండాడు. కొంచిం అడిగి ఇస్తా ఉండు. దేనికి?"

"గుండ్లకు."

అన్న నవ్వాడు. "పెండ్లి పత్రికలు కొట్టిన సీసమబ్బా అది. నీ గుండును సూసి పంది గూడా పలహారం ఉండాదేమో అనుకోని దగ్గిరికొస్తాది."

ఓనరును అడిగే ఇచ్చాడు, ఒక వీశె. గరిటెలో వేసి కరిగించాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి కూలిపోయి తళతళలాడే నీళ్ళయ్యాయి. మూసలో పోసి తెరిస్తే, నా జన్మలో అంత మంచి గుండ్లు పోయలేదు. టీ రేకు సీసంతో పోసినవి కొంచెం ముడతగా, బూడిదరంగుగా, ముక్కు దగ్గర సొట్టగా ఉండేవి. ఇవి అంచులు తీరి, అద్దంలా మెరుస్తూ, మూసలోని ప్రతి గీతనూ పట్టుకుని వచ్చాయి. పన్నెండింటినీ పళ్ళెంలో వరసగా పెట్టుకుని కాసేపు చూసుకున్నాను. తర్వాత ఒకదాన్ని గోటితో గీశాను. గోరు జారింది. ఇంకొకటి తీసి గీశాను. అదీ జారింది.

అప్పుడే చెప్పి ఉండాలి. కానీ సీసం సరిపోతుందని చెప్పింది నేను. పైగా గుండ్లు అంత బాగా వచ్చాయి. బాగా వచ్చినదాన్ని పనికిరాదని ఎలా అనడం? పళ్ళెం మీద గుడ్డ కప్పి ఇంటికి పోయాను.

శుక్రవారం పొద్దున అడవి శాఖ గార్డు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పదిన్నర రైలుకు పోవాలట. రేంజరు మర్నాడు కొండల్లోకి వారం రోజుల తనిఖీకి పోతున్నాడట, ఈ సాయంత్రానికి తూటాలు చేతిలో ఉండాలని హుకుం. నేను పళ్ళెం తెచ్చాను. గుడ్డ తీయగానే ఉస్తాదు తల వెనక్కి పెట్టి చూశాడు.

"ఏంది బేటా, యింత తెల్లంగా ఉండాయి?"

"మూస బాగా కడిగి పోసినా ఉస్తాద్."

అది అబద్ధం కాదు. మూస నిజంగానే కడిగాను. ఆయన ఒక గుండు తీసుకుని బొటనవేలు ఆనించి, ఆగి, తన చేతిని తానే చూసుకుని నవ్వాడు.

"ఇప్పుడే గదా గోళ్ళు తీసేసినా. నీ గోరు గీయి."

గీశాను. జారింది. ఉస్తాదు కళ్ళద్దాలు గల్లాపెట్టె మీద ఉన్నాయి, చెయ్యి చాస్తే అందుతాయి. ఆయన చెయ్యి చాచలేదు. నా ముఖం వైపు చూస్తున్నాడు.

"గీత పడతా ఉండాదా?"

"పడతా ఉండాది."

"అన్నీ?"

"అన్నీ సూసినా ఉస్తాద్."

పళ్ళెం తీసుకుని తెర వెనక్కి పోయాడు. గుండ్లు బిగించేటప్పుడు మాత్రం లోపలి నుంచి ఒక మాట వినిపించింది, "ఈ పొద్దు కొంచిం బిగువుగా ఉండాయే" అని. మూస కడిగినందుకు అనుకున్నాడేమో.

తూటాలు పెట్టెలో సర్ది నా చేతికి ఇచ్చి, "ఒగటి ఇసకలో కాల్చి సూసి ఇయ్యి, నేను నీళ్ళు పోసుకుంటా" అని వెనక ఇంట్లోకి పోయాడు. అది కొట్టు పద్ధతి. ఎప్పుడూ ఒకటి ఎక్కువ తయారుచేసి, దాన్ని పెరట్లో ఇసుక తొట్టిలో కాల్చి చూసేవాళ్ళం. ఆ రోజు ఖాళీ ఇత్తడి గొట్టాలు సరిగ్గా పన్నెండే వచ్చాయి. ఒకటి కాలిస్తే పదకొండు మిగులుతాయి. పన్నెండు అడిగిన రేంజరుకు పదకొండు పంపడం నాకు నామోషీ అనిపించింది. గార్డు కూడా, "బిన్నె ఇయ్యప్పా, రైలు నీకోసరం నిలబడదు" అంటున్నాడు. ఇచ్చేశాను. అంత తేలిగ్గా జరిగిపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఉస్తాదు ఇంకా మసీదు నుంచి రాలేదు. కంపోజిటర్ అన్న క్యారియరు తెచ్చుకుని మా కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు. రోజూ అక్కడే తినేవాళ్ళం.

"ఎట్ల వచ్చినాయి నా అచ్చరాలు?"

"అద్దంలా వచ్చినాయన్నా. మూసలో మూలమూలకీ నిండినాయి."

"నిండకేం. అది అచ్చు సీసం. మామూలు సీసమైతే సల్లారినాక కుంచించకపోతాది. ఇది కుంచించకపోదు. పోతే ఒగ అచ్చరం పొట్టి, ఒగటి పొడుగయ్యి పంక్తి నిలబడదు. ప్రెస్సు కింద నలగకుండా గట్టిగా ఉండల్లని ఇంకా ఏందేందో కలుపుతారు దాంట్లో." ఆ మాట చెప్పి పచ్చడి కలుపుకోవడంలో పడ్డాడు.

కలిపిన ముద్దను గిన్నెలోనే వదిలేశాను. మా మూసను టీ రేకు సీసం కోసం చేశారు. చల్లారి కుంచించుకుపోయాక గుండు తుపాకీ గొట్టానికి సరిపోయే లెక్కతో. ఇది కుంచించుకుపోలేదు. అంటే వెంట్రుకవాసి లావు. మెత్తటిదైతే లావున్నా నలిగి, సర్దుకుని బయటికి పోతుంది. ఇది నలగదు. వెనక నుంచి నెట్టేది చూస్తే, ఉస్తాదు పొదుపుగా వేసిన మందు.

"అన్నా, గుండు తుపాకీ గొట్టంలోనే ఇరుక్కుంటే?"

"ఇరుక్కుంటే తీసుకుంటారు."

"ఇరుక్కున్న సంగతి తెలీకుండా రెండోది కాలిస్తే?"

అన్న తల తిప్పి, మెట్ల మీద నుంచే గడియారం కింది మేకు వైపు చూశాడు. నాలాగే ఆయన కూడా దాన్ని రోజూ చూసేవాడు. క్యారియరు మూత పెట్టాడు.

"నడువు."

"నువ్వెందుకన్నా. నీ పని?"

"మామిడి మండీ రసీదులు ఒగ దినం ఆలస్యంగా పుడితే మామిడికాయలేం అలగవు. నడువు."

కొట్టుకు తాళం వేసి, వెనక ఇంటి తెర దగ్గర నిలబడి, చంద్రగిరికి పోతున్నానని ఉస్తాదు భార్యకు చెప్పి తాళంచెవి అందించాను. తెర వెనక నుంచి, "తిని పో బేటా" అన్నది ఆమె. తిన్నానమ్మా అన్నాను. ఆ రోజు లెక్కకు మూడో అబద్ధమో నాలుగోదో.

సాయంత్రం దాకా రైలు లేదు. బొగ్గు బస్సు ఉంది. యుద్ధంలో పెట్రోలు లేక బస్సు వెనకాల ఒక పొడుగాటి పొయ్యి బిగించి, బొగ్గు కాల్చి, దాన్నుంచి వచ్చే గ్యాసుతో నడిపేవాళ్ళు. ఈ కాలం పిల్లలకు చెబితే కట్టుకథ అనుకుంటారు. క్లీనరు పావుగంట సేపు చక్రం తిప్పితే పొయ్యి రాజుకునేది. దిగుడులో గుర్రంలా పోయేది, మిట్ట వస్తే నిలబడిపోయేది. పాకాల దాటాక నిలబడిపోయింది.

"బలమైనోళ్ళు దిగండబ్బా," అన్నాడు డ్రైవరు. "ముసిలోళ్ళూ పిలకాయలూ కూసోండి."

అన్న తన లావు చూపించి కూర్చుందామనుకున్నాడు. డ్రైవరు, "నువ్వు దిగితేనే సగం బరువు తగ్గతాది, దిగు సామీ" అన్నాడు. ఇద్దరం దిగి తోశాం. అన్న తోస్తూ తోస్తూ, ఈ బస్సు కన్నా అచ్చు యంత్రం తొక్కడం నయమని, ఇంకెప్పుడూ ఎవరికీ అక్షరం ముక్క కూడా ఇవ్వనని చెబుతున్నాడు. నేను మాటిమాటికీ డ్రైవరు దగ్గరికి పోయి ఇంకెంత సేపని అడుగుతున్నాను. కిటికీ పక్కన తిరుపతికి తలనీలాలు ఇవ్వడానికి పోతున్న ఒక అవ్వ కూర్చుని ఉంది. ఆమెకు విసుగు వచ్చింది.

"ఏం నాయనా, అంత తొందర దేనికి? ఆ సామి యాడికీ పోడు."

"సామి పోడవ్వా," అన్నాడు అన్న, రొప్పుతూ. "మా రేంజరు పోతాడు."

నవ్వు రాకూడని చోట నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే తోశాను.

చంద్రగిరిలో దిగేసరికి అయిదున్నర. అడవి బంగళా కావలివాడు తీరిగ్గా బీడీ తాగుతున్నాడు. రేంజరు గారు యాడ అని అడిగితే, చెరువు కట్ట అవతల తుపాకీ సరిచూసుకుంటున్నాడని చెప్పి, "ఈ దావన పొండి, దగ్గిర" అని చేత్తో చూపించాడు. పరుగెత్తాను. అన్న వెనకబడిపోయాడు. కట్ట ఎక్కుతుండగా అవతలి నుంచి ఒక చప్పుడు వినిపించింది. తూటా పేలిన చప్పుడు అలా ఉండదు. తడిసిన టపాకాయలా 'తుస్సు'మన్నది. నాలుగేళ్ళుగా ఆ ఇసుక తొట్టి దగ్గర నిలబడి ఉన్నవాణ్ణి, దాని అర్థం నాకు తెలుసు.

ఆ మిగిలిన పది అడుగులూ ఎలా ఎక్కానో తెలియదు. కట్ట పైకి లేచి నిలబడ్డాను. పక్కనే ఒక కుండ బోర్లించి ఉంది. అవతల ఇరవై గజాల దూరంలో రేంజరు, చెయ్యి చాచి, రివాల్వర్ గురిపెట్టి ఉన్నాడు. కావలివాడు చూపించిన దగ్గరి దారి సరిగ్గా గురి వెనక్కి తెచ్చి నిలబెట్టింది నన్ను.

"ఎవురప్పా నువ్వు, కుండలోంచి పుట్టినావా? పక్కకు పో," అన్నాడు రేంజరు. సన్నటి మనిషి, గొంతు మాత్రం లావు.

పక్కకు పోవాలి. పోతే ఆయన కాలుస్తాడు. మాట చెబుదామంటే ఊపిరి లేదు. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో ఎత్తిపట్టుకుని అక్కడే నిలబడ్డాను. అంతకన్నా ఏమీ తోచలేదు. రేంజరు కాసేపు చూసి, చెయ్యి దించాడు.

"కాల్చొద్దు సార్," అన్నాను, కట్ట దిగి దగ్గరికి పోయాక. "గొట్టంలో గుండు ఉండాది."

"కాల్చినాను గదప్పా ఇప్పుడే."

"అదే ఉండాది సార్."

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. రివాల్వర్ విప్పి, తూటాలన్నీ అరచేతిలోకి తీసుకుని, గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. మళ్ళీ చూశాడు. అందులో వెలుతురు కనపడాలి. కనపడలేదు. పక్కనున్న రాయి మీద కూర్చున్నాడు. మా కొట్టుకు చాలాసార్లు వచ్చిన మనిషి. మేకుకు ఏం వేలాడుతుందో ఆయనకూ తెలుసు.

"సద్దు తక్కువగా వచ్చినాది," అన్నాడు. "మీ ఉస్తాదు మందు పిసినారితనం సేసినాడు, రెండోది సరింగా పేల్తాదిలే అనుకున్నా."

"ఆయన తప్పు కాదు సార్. నాది. సీసం మార్చినా."

అప్పుడే అన్న కట్ట మీద నుంచి దిగి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, ఊపిరి తీసుకుని, "నాది గూడా సార్. ఆ సీసం నేనే ఇచ్చినా" అన్నాడు. ఆయన ఆ మాట చెప్పవలసిన పని లేదు. అడిగినవాళ్ళూ లేరు.

రేంజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "రేపు కొండెక్కి ఎలుగుబంట్ల మద్దిన పండుకోవల్లని దిగులుగా ఉన్నింది. మిమ్మల్ని సూసినాక దిగులు పోయింది" అన్నాడు.

ఇత్తడి కడ్డీతో నిమ్మళంగా తట్టి గుండు బయటికి తీశాను. మెరుపు పోలేదు. రేంజరు దాన్ని చూసి నా చేతిలో పెట్టాడు.

"మీ ఉస్తాదుకు నేను సెప్పను. సెప్పేది నీ పని. సెప్పకపోతే అదీ నీ పనే."

ఆ రాత్రి బంగళా వసారాలో పడుకుని, పొద్దున్నే రైలెక్కాం. సగం దారిలో అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "మూసలో ఏదో తేడా వచ్చినాదని సెప్పొచ్చు. రేంజరు నోరిప్పడు. నేనూ ఇప్పను" అన్నాడు.

"సెప్పొచ్చు," అన్నాను.

"నీ ఉద్యోగం నిలబడతాది."

"నిలబడతాది."

ఆ మాట మీద చిత్తూరు దాకా ఆలోచించాను. ఇంకో ఉద్యోగం నాకు ఎవరూ ఇవ్వరని అప్పటికే రెండు చోట్ల తేలింది. ఇంట్లో నాయనకు ఏం చెప్పాలో కూడా ఆలోచించాను. రైలు దిగేటప్పటికి మూసలో తేడా గురించి చక్కటి వాక్యం ఒకటి తయారైంది. ఆ గుండ్లలాగే అంచులు తీరి ఉంది. దాన్ని చూస్తేనే నాకు భయం వేసింది.

కొట్టులో ఉస్తాదు ఒంటరిగా ఉన్నాడు. పెట్టె మీద గుండు పెట్టి, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆయన అడ్డు రాలేదు. అయిపోయాక గుండును తీసుకుని అటూ ఇటూ తిప్పి, నా ముందు పెట్టాడు.

"గీయి."

గీశాను.

"గీత పడతా ఉండాదా?"

"లేదు ఉస్తాద్."

"నిన్న నేనడిగింది ఇంతే గదా బేటా."

గడియారం చప్పుడు వినబడుతోంది. రేపటి నుంచి రావద్దు అంటాడని ఎదురుచూస్తున్నాను.

"కుండ పక్కన ఎవురు నిలబడమన్నారు నిన్ను?" అన్నాడు. ఆ మాటకు మాత్రం గొంతు పెరిగింది. "గొట్టం ముందరికి పోతారా ఎవురన్నా? నాలుగేండ్లుగా నేను నేర్పించింది ఇదేనా?" ఆ తర్వాత మేకు వైపు చెయ్యి చూపించాడు. "అది నేను సేసిందే. నీ వయసులో. సీసం మార్చడం అందురం సేస్తాం, సేసి నేర్చుకుంటాం. కానీ పడనిదాన్ని పడతా ఉండాది అన్నావే, అది వేరే. దాన్ని కడ్డీ పెట్టి తట్టి తీసేదానికి కాదు." చెయ్యి దించి, "గరిటె కడుగు. పెట్టెలు తెమ్మని టీ అంగడాయనకు సెప్పిరా" అన్నాడు.

నా ఉద్యోగం అలా మిగిలింది. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. తర్వాతి శుక్రవారం కూడా ఉస్తాదు గోళ్ళు తీసుకున్నాడు. పళ్ళెం తెచ్చాను. ఇప్పుడు గోరు పెరిగేదాకా ఆగుతాడనో, కళ్ళద్దాలు పెట్టుకుని తానే చూస్తాడనో అనుకున్నాను. కళ్ళద్దాలు పెట్టె మీదే ఉన్నాయి. "నీ గోరు గీయి" అన్నాడు, నా ముఖం వైపు చూస్తూ. అన్నీ గీశాను. రెండు పడలేదు. పడలేదని చెప్పాను. ఆ రెండూ కుడివైపు పెట్టాడు. ఆయన దగ్గర ఇంకో ఆరేళ్ళు పనిచేశాను. ప్రతి శుక్రవారమూ అదే ప్రశ్న అడిగాడు, అదే గొంతుతో.

ఆ తర్వాత నేను వేరే వర్క్‌షాపులకు పోయాను, పెద్దవాణ్ణయ్యాను, నా కింద మనుషులు వచ్చారు, రిటైరయ్యాను. తప్పులు ఇంకా చేశాను, వాటిలో ఇంతకన్నా ఖరీదైనవి ఉన్నాయి. పని నేర్చుకునే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే. చేతిలో పని మరీ బాగా వచ్చిన రోజు ఇంకోసారి చూసుకోండి.

మిగిలిన పదకొండు తూటాలను రేంజరు ఆ పొద్దున నాతోనే తిప్పి పంపాడు. గుండ్లు ఊడదీసి, ఇరుక్కున్న దాన్ని కూడా కలిపి, అన్నకు ఇచ్చాను. ఆయన వాటిని అరిగిన అక్షరాల సంచిలోనే వేసి మద్రాసు ఫౌండ్రీకి పంపించాడు. కొన్నాళ్ళకు అక్కడి నుంచి కొత్త అక్షరాలు పోసి పంపారు. వాటిలో మన గుండ్లు ఏవై ఉంటాయని అడిగితే, ఒక పెండ్లి పత్రిక ప్రూఫు చేతికిచ్చి, "యెతుక్కో" అన్నాడు.

పోయిన నెల అన్న పోయాడు. ఉస్తాదు పోయి చాలా ఏళ్ళయింది, రేంజరు సంగతి తెలియదు. చెరువు కట్ట మీద ఆ సాయంత్రం ఏం జరిగిందో తెలిసినవాళ్ళలో నేను ఒక్కణ్ణే మిగిలాను. అందుకే ఇప్పుడు రాశాను. అన్న జ్ఞాపకార్థ కూటానికి ఆయన పిల్లలు కార్డు పంపించారు. అక్షరాలు చక్కగా ఉన్నాయి, తప్పుల్లేవు. అలవాటు కొద్దీ కార్డు వెనక్కి తిప్పి బొటనవేలితో తడిమాను. పూర్వం అచ్చు వేసిన కాగితం వెనక అక్షరాల గుర్తు వేలికి తగిలేది. దీని వెనక నున్నగా ఉంది.

ఇప్పుడు అక్షరాలను సీసంతో పోయడం లేదు. గుండును గోటితో గీసి చూడటం కూడా లేదు.